బర్రెకు కట్టిన అరుగు

హోలీ వెళ్లిన మర్నాడు, బుధవారం, మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలకు నా ఎడమ మోకాలు మొరాయించింది. టైము తెలియడానికి కారణం ఉంది. మూడున్నరకు బర్రె కింద కూర్చుంటాను. దుడ్డెను వదిలి, అది రెండు గుక్కలు కుడవగానే పక్కకు కట్టేసి, పొదుగు కడిగి మొదలుపెడితే నాలుగు రొమ్ములూ పిండి లేచేసరికి పది నిమిషాలు పడుతుంది. నలభై ఏళ్లుగా అంతే. ఆ రోజు కూడా పిండడం అయింది. రెండు మోకాళ్ల మధ్య పట్టుకున్న బకెట్టు తీసి పక్కన పెట్టాను. లేవబోతే కుడి కాలు లేచింది, ఎడమది లేవలేదు. మోకాలి లోపల ఎవరో గడియ పెట్టినట్టయింది.

కోడలిని పిలిచాను. ఆమె వచ్చి ముందు బకెట్టు తీసి గోడ పక్కన పెట్టి, తర్వాత నన్ను లేపింది. అది సరైన వరసే. నేనైనా అంతే చేసేదాన్ని.

మా ఇల్లు ఛత్రినాకలో సందు లోపల ఉంది. ముందు రెండు గదులు, వెనక రేకుల కొట్టం. ఒకప్పుడు ఆ కొట్టంలో తొమ్మిది బర్రెలుండేవి. మా మామగారి కాలం నుంచీ పాల పనే. ఆయన పోయాక, మా ఆయన పోయాక, ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చి చివరికి ఒకటి మిగిలింది. మాఘంలో నాలుగో ఈత ఈనింది. పూటకు నాలుగు లీటర్లకు తగ్గకుండా ఇచ్చేది. దాని తల్లిని, ఆ తల్లి తల్లిని కూడా నేనే పిండాను. ఎడమ కణత దాని డొక్కకు ఆనించి, గొంతుక్కూర్చుని పిండితేనే అది పాలు చేపుతుంది. వేరేవాళ్లు కూర్చుంటే పొదుగు నిండుగానే ఉంటుంది, పాలు మాత్రం కిందికి దిగవు. దానికి నేర్పినదాన్ని నేనే. చిన్నప్పటి నుంచీ ఇంకొకరి చెయ్యి తగలనివ్వలేదు.

ఆ రోజుకు నాకు అరవై ఎనిమిదేళ్లు. మోకాలు నొప్పి అంతకుముందు లేకపోలేదు. మెట్లు దిగేటప్పుడు పొడిచేది, చలికాలం పొద్దున బిగుసుకునేది. పని మొదలుపెడితే పోయేది కాబట్టి పట్టించుకోలేదు. ఈసారి వాచింది, చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. ఏం చెయ్యాలో నాకు తెలుసు అనుకున్నాను. బర్రె కాలు వాస్తే మేము ఏం చేస్తాం? పొడి చోట కట్టేస్తాం. పగ్గం పొట్టిగా కడతాం, నాలుగడుగులు కూడా వెయ్యనివ్వం. మేతా నీళ్లూ ముందుకే తెచ్చిపెడతాం. పసుపూ సున్నం కలిపి పట్టు వేస్తాం. వాపు దిగి, అది కాలు నేలకు ఆనించి నిలబడే దాకా అంతే. ఈ పద్ధతిలో నేను బాగుచేసిన బర్రెలు చాలా ఉన్నాయి. కాబట్టి నన్ను నేను మంచానికి కట్టేసుకున్నాను. తిండి మంచం దగ్గరికే, పట్టు రోజూ. ఉగాది పచ్చడి కూడా మంచం మీదే తిన్నాను.

అయిదు వారాలు అలా గడిచాయి. వాపు దిగింది. కానీ నిలబడితే తొడ వణికేది.

ఆ అయిదు వారాలూ బర్రెను నా కొడుకు పిండాడు. వాడు స్కూలు వ్యాను నడుపుతాడు. పొద్దున ఆరింటికి బయలుదేరాలి. గదిలో మంచం మీద పడుకుని కొట్టంలో బకెట్టు చప్పుడు వినేదాన్ని. పాలు చేపినప్పుడు ధార బకెట్టులో పడే చప్పుడు బరువుగా, ఒకే తీరుగా ఉంటుంది. వాడు పిండితే ఆగి ఆగి, సన్నగా వినబడేది. బొటనవేలు లోపలికి మడిచి కణుపుతో నొక్కి లాగుతున్నాడని చప్పుడును బట్టే తెలిసేది. అలా పిండితే రొమ్ము లోపల దెబ్బ తింటుంది. పాలు పూర్తిగా దిగకుండా పొదుగులో నిలిచిపోయినా ప్రమాదమే. నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం మోకాలు కాదు, అది.

ఒకరోజు వాడు రెండు లీటర్లు కూడా లేని బకెట్టు తెచ్చి నా మంచం ముందు పెట్టాడు.

"అమ్మా, నాకు చేపుతలేదు. కాళ్లు జాడిస్తుంది. నేనేం జెయ్యాలె?"

"నెమ్మదిగ పిండు బిడ్డా. బొటనవేలు మడువకు."

"నెమ్మదిగ పిండుకుంట కూసుంటే పిల్లలు బడికి ఎప్పుడు పోతరు?" అన్నాడు. తర్వాత నా ముఖం చూడకుండా చెప్పాడు. "బోనాల దాంక చూస్త. గప్పటికి నువ్వు మళ్ల బర్రె కింద కూసుంటే సరే. లేకుంటే మాదన్నపేట పాలాయనకు ఇచ్చేద్దాం. ఆయన అడగబట్టి ఏడాదైతుంది."

వాడు కోపంగా అనలేదు. అందుకే భయమేసింది. కోపమైతే దిగిపోతుంది. ఇది వాడు ఆలోచించి పెట్టిన గడువు. ఆషాఢానికి ఇంకా మూడు నెలలు కూడా లేవు. ఆ బర్రె పోతే పొద్దున నాలుగింటికి లేవడానికి నాకు పని లేదు. లేచినా ఎక్కడికి వెళ్లాలో తెలియదు. అదీగాక మా ఇంట్లో బోనం అన్నం ఎప్పుడూ మా కొట్టంలోని పాలతోనే వండుతాం. ప్యాకెట్ పాలతో వండిన బోనాన్ని అమ్మవారు కాదంటుందని నేను అనను. నేను ఎత్తుకోలేను, అంతే.

వాడే నన్ను డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఎక్స్‌రే తీశారు. గుజ్జు అరిగిందని, ఎముకల మధ్య సందు తగ్గిందని, ఆపరేషన్ ఇప్పుడే అక్కర్లేదని, ఫిజియోథెరపీ చేయించుకోమని డాక్టరు చెప్పాడు. ఆ ఫిజియోథెరపీ చేసే చోటు మందుల దుకాణం మీద, మొదటి అంతస్తులో ఉంది. మోకాళ్ల వైద్యానికి పదిహేడు మెట్లు. ఆరో మెట్టు దగ్గర కూర్చుండిపోయాను. పైనుంచి ఒక అమ్మాయి దిగివచ్చింది. తలకు స్కార్ఫు, తెల్ల కోటు. కిషన్‌బాగ్ నుంచి రోజూ స్కూటీ మీద వస్తుందట. నన్ను మొదటి రోజు నుంచే దాదీ అని పిలిచింది.

"ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దాదీ. దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. గింతే యాద్ పెట్టుకోండ్రి," అంది. మిగిలిన పదకొండు మెట్లూ అలాగే ఎక్కాను.

పైన రెండు మంచాలు, మధ్యలో పరదా. ఆ అమ్మాయి టేపుతో నా రెండు తొడలూ కొలిచింది, మోకాలి చిప్పకు పైన ఒకే దూరంలో గుర్తు పెట్టి. ఎంతని అడిగాను. ఎడమ తొడ కుడిదానికంటే రెండున్నర సెంటీమీటర్లు తక్కువ. మళ్లీ కొలవమన్నాను. మళ్లీ కొలిచింది, అంతే వచ్చింది. ఇన్నాళ్లూ ఏం చేశారని అడిగితే చెప్పాను, బర్రెను కట్టేసినట్టు కట్టేసుకున్నానని. ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది.

"బర్రెకు నాలుగు కాళ్లు దాదీ. ఒకదాన్ని పండబెడితే మూడు నడుస్తయి. మీకు రెండే ఉన్నయ్."

తర్వాత నవ్వకుండా చెప్పింది. బెణికిన కాలికి విశ్రాంతి పనికొస్తుంది. నాది బెణుకు కాదు, అరుగుదల. అరిగిన గుజ్జు మళ్లీ రాదు. వాపు ఉన్న నాలుగు రోజులు ఆగాల్సిందే, ఆ తర్వాత కదలాలి. మోకాలిని ఇప్పుడు మొయ్యాల్సింది పైనున్న తొడ కండ, ఆ కండనే నేను అయిదు వారాలు పడుకోబెట్టి కరిగించాను. ఆమె మెత్తగానే చెప్పింది గాని, ఇంటికి వచ్చి అన్నం తినలేకపోయాను. నయం చేసుకుంటున్నానని ఎన్ని రోజులు నమ్మానో అన్ని రోజులూ కొంచెం కొంచెం పోగొట్టుకున్నానన్న మాట.

వారానికి మూడు రోజులు వెళ్లాను, సోమ, బుధ, శుక్రవారాలు. ముందు వేడి నీళ్ల తొట్టిలో నుంచి తీసిన బరువైన సంచీని తువ్వాళ్లలో చుట్టి మోకాలి మీద పెట్టేది. అది హాయిగా ఉండేది. తర్వాత కరెంటు. మోకాలికి నాలుగు పక్కలా తడి బిళ్లలు అతికించి తీగలు తగిలించబోతే కాలు వెనక్కి లాక్కున్నాను. ఒక వానాకాలం మా బర్రె ఒకటి సందు మొగలో కరెంటు స్తంభానికి ఒరుసుకుని అక్కడికక్కడే పడిపోయింది. తడి, కరెంటు, ఈ రెండూ కలిసినచోట నేను ఉండను. ఆ అమ్మాయి ముందు తన ముంజేతికి బిళ్లలు పెట్టుకుని మీట తిప్పి చూపించింది. చీమలు పాకినట్టుంటుంది, అంతే. అయినా పది నిమిషాలూ ఆ మీట మీద నుంచి కళ్లు తిప్పలేదు.

ఇవన్నీ నొప్పి తగ్గించడానికేనని, అసలు మందు కసరత్తేనని ఆమె మొదటే చెప్పింది. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, కాలు చాపి, తొడ బిగించి కిందికి నొక్కాలి. పది అంకెలు ఆపాలి. అంకెలు చదివితే నేను తొందరపడుతున్నానని ఆమెకు తెలిసిపోయేది. అప్పుడు పాల ధారలు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాను. కళ్లు మూసుకుని, రెండు చేతులా పిండుతున్నట్టు అనుకుంటే పది ధారలు సరిగ్గా పది అంకెలకు సరిపోయాయి. తర్వాత కాలు సీదాగా పైకి లేపి ఆపడం. తర్వాత కుర్చీలో నుంచి చేతుల ఊతం లేకుండా లేచి, మళ్లీ నెమ్మదిగా కూర్చోవడం. మడమకు ఇసుక సంచీ కట్టమంటే ఇంట్లో తవుడు సంచీ కట్టాను, తూకం వేసి, సరిగ్గా ఒక కిలో. కసరత్తు అయ్యాక ఆ తవుడు బర్రెకు పెట్టేదాన్ని. చేతికర్ర నొప్పి కాలి పక్కనే పట్టుకునేదాన్ని. కాదు, కుడి చేతిలో పట్టుకోవాలంది. నమ్మలేదు. సందు చివరి దాకా అలాగా ఇలాగా నడిచి చూసి నమ్మాను.

పరదా అవతల మంచం మీద ఆంధ్ర నుంచి వచ్చి ఇక్కడే ఆఫీసులో చేసి రిటైరైన ఒకావిడ ఉండేది. ఆమెకు రెండు మోకాళ్లూ. కరెంటు పెట్టినంతసేపూ సన్నగా పాట పాడుకునేది. ఒకరోజు నన్ను అడిగింది, "పాలు ప్యాకెట్లో ఇంటికే వస్తున్నాయి కదండీ, ఈ వయసులో ఇంకా బర్రె కింద కూర్చోవడం ఎందుకండీ?"

"పాటలు టీవీల వస్తయి గదమ్మా, మరి మీరెందుకు పాడుతరు?" అన్నాను.

ఆమె చాలాసేపు నవ్వింది. తర్వాత, తన చెల్లెలు మోకాలు మార్పించుకుందని, మెట్లు ఎక్కుతోంది గాని కింద కూర్చోలేదని చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి నాలో ఒకటే ప్రశ్న తిరిగేది. దాన్ని అడగడానికి రెండు వారాలు పట్టింది. ఒక శుక్రవారం అడిగాను. ఇవన్నీ చేస్తే నేను మళ్లీ గొంతుక్కూర్చోగలనా?

ఆ అమ్మాయి నా మోకాలు వంచి చూసింది. ఒక హద్దు దాటాక లోపల ఏదో గట్టిగా అడ్డం పడింది. "నడుస్తరు దాదీ. మెట్లు ఎక్కుతరు. కుర్చీల కూసొని లేస్తరు. గొంతుక్కూసోవద్దు. కూసుంటే మళ్ల వాస్తది," అంది. ఎప్పటికీనా అని అడిగాను. దిగులు పడొద్దని, తువ్వాలు మడతపెడుతూ, "ఫికర్ నక్కో దాదీ," అంది. నా ప్రశ్నకు అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

ఇంటికి వచ్చి ఒక స్టూలు తెప్పించుకుని దాని మీద కూర్చుని పిండి చూశాను. స్టూలు మూరెడు ఎత్తు. గొంతుక్కూర్చుంటే నా నడుము నేలకు జానెడు ఎత్తులో ఉండేది. ఆ జానెడు తేడాకే అంతా మారిపోయింది. నా కణత దాని డొక్క గుంటకు కాకుండా పక్కటెముకలకు తగిలింది. రొమ్ములను అందుకోవాలంటే ముందుకు వంగాలి, ధార ఏటవాలుగా పోతుంది. అది మెడ తిప్పి నన్ను చూసింది. ఎవరో అనుకుంది. కాలు జాడించింది, బకెట్టు దొర్లింది. మూడు రోజులు ప్రయత్నించాను. నాలుగో రోజు పొదుగు కడుగుతుంటే ఎడమ వెనక రొమ్ము పైన నిమ్మకాయంత గట్టిదనం చేతికి తగిలింది. రెండు ధారలు అరచేతిలోకి పిండి చూస్తే విరిగిన పాలలా పలుకులు.

పశువుల డాక్టరు వచ్చి సూదులు వేశాడు. మిగిలిన మూడు రొమ్ములూ పూర్తిగా పిండకపోతే వాటికీ పాకుతుందన్నాడు. నా కొడుకు డబ్బులు లెక్కపెట్టి ఇచ్చాడు. వాడు బోనాల దాకా ఆగకపోవచ్చని నాకు అనిపించింది.

జ్యేష్ఠంలో ఒక మధ్యాహ్నం కోడలు రేషన్ దుకాణానికి వెళ్లింది. కొడుకు పిల్లలను దింపి నాలుగున్నరకు గాని రాడు. తొడలో కొంత బలం వచ్చిందని నాకు తెలుసు. ఒక్కసారి, పది నిమిషాలు కూర్చుంటే ఏమవుతుంది? ఈ ఒక్క పూట పొదుగు పూర్తిగా ఖాళీ అయితే మిగిలిన మూడూ దక్కుతాయి. నాలుగింటికి గుంజ పట్టుకుని, దాని పక్కన కిందికి దిగాను. నొప్పి తెలిసింది, దిగాను. కణత ఆనించాను. అది వెంటనే ఒళ్లు వదిలేసింది. పాలు చేపింది. ఎన్ని వారాల తర్వాతో ఆ బరువైన చప్పుడు. మూడు రొమ్ములూ చివరి బొట్టు దాకా పిండాను.

లేవలేకపోయాను. ఈసారి రెండు కాళ్లూ రాలేదు. పక్కకు ఒరిగి పేడలో పడ్డాను, దాని వెనక కాళ్లకు మూరెడు దూరంలో. ఈగలు ముసిరితే బర్రె కాలు ఎత్తి దించడం మామూలు. ఆ కాలు దించే చోట నా చెయ్యి ఉంది. పిలిస్తే సందులోవాళ్లు వస్తారు, వస్తే నా కొడుకుకు తెలుస్తుంది. పిలవలేదు. దానితోనే మెల్లగా మాట్లాడుతూ ఉన్నాను. అది ఒకసారి కాలు ఎత్తింది. ఎత్తి, అలాగే గాలిలో ఉంచింది. నేను చెయ్యి లాక్కున్నాక దించింది.

పడితే లేచే పద్ధతి కూడా ఆ అమ్మాయి నేర్పింది. అప్పుడు నాకెందుకులే అనుకున్నాను. పక్కకు తిరగాలి, చేతుల మీదా మోకాళ్ల మీదా రావాలి, గట్టి వస్తువు దాకా పాకాలి, మంచి కాలు ముందు ఆనించాలి. నేను గుంజ దాకా పాకి, కుడి పాదం ఆనించి, రెండు చేతులా పట్టుకుని లేచేసరికి సందు చివరి మసీదులో సాయంత్రపు అసర్ అజాన్ మొదలైంది. బకెట్టు అంచు నిండా పాలు. చీర నిండా పేడ. మార్చుకునేలోపే కొడుకు వచ్చాడు.

వాడు చీర చూశాడు, బకెట్టు చూశాడు. "దాని కాలు కింద పడి సచ్చిపోతే నన్నేమనుకుంటరు లోకులు?" అన్నాడు.  మోకాలు అప్పటికే పొంగుతోంది. వాడు బయటికి వెళ్లి ఫోన్ మాట్లాడి వచ్చి, పాలాయన వచ్చే ఆదివారం వస్తాడని చెప్పాడు. ఆ రోజు సోమవారం.

బుధవారం వాచిన మోకాలితో వెళితే ఆ అమ్మాయి మొదటిసారి కోప్పడింది. మంచు సంచీ కట్టి, పక్కన కూర్చుని, ఇంట్లో ఏమేం మార్చుకోవాలో ఒక్కొక్కటే చెప్పింది. మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టుకోవాలి. మరుగుదొడ్డికి కుర్చీ తెచ్చుకోవాలి. కత్తిపీట మానేసి బల్ల మీద కూరగాయలు తరగాలి. నేలకు సంబంధించిన పని ఏదైనా సరే, నేల నుంచి పైకి తేవాలి.

"మీరు కిందికి పోవద్దు దాదీ. సామాన్‌నే మీ ఎత్తుకు తెచ్చుకోవాలె."

ఆ మాటను మెట్లు దిగుతూ విన్నాను, ఆటోలో విన్నాను. ఇంటికి వచ్చి కొట్టం ముందు నిలబడ్డాను. జానెడు. నేను జానెడు కిందికి దిగలేకపోతే అది జానెడు పైకి ఎక్కాలి.

కోడలికి చెప్పాను. నాకు పిచ్చి అనుకుంటుందేమోనని భయపడ్డాను. ఆమె కాసేపు కొట్టం వైపు చూసి, "ఇటుకలు మస్తున్నయి గదత్తమ్మా," అంది. నిజమే. బర్రెలు ఒక్కొక్కటే పోయాక మేత తొట్లు ఎనిమిదింటిని కూల్చి ఇటుకలను గోడ వెంట పేర్చి ఉంచాం. వాకిలికి టైల్స్ వేసినప్పుడు తీసిన షాబాద్ బండలు కూడా అక్కడే ఉన్నాయి. గురు, శుక్రవారాలు సందులో ఉండే మేస్త్రీ వచ్చి కట్టాడు. రెండు వరసల ఇటుకలు, వాటి మీద ఇసుక, దాని మీద బండ. నేను కర్రతో కొలిచి చూసుకున్నాను. సరిగ్గా జానెడు. ముందు వైపు సగం ఎత్తులో ఒక మెట్టు. నున్నటి బండ మీద గిట్ట జారితే బర్రె కాలు విరుగుతుంది. కాలు విరిగిన బర్రె ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. అందుకని బండలన్నిటి మీదా ఉలితో గాట్లు కొట్టించాను. అయినా ఆ రెండు రాత్రులూ జారిన గిట్ట చప్పుడే చెవుల్లో. సాయంత్రం వచ్చిన కొడుకు దాని చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. ఆదివారం మాట మాత్రం మార్చలేదు.

శనివారం బర్రె ఎక్కలేదు. తవుడు ఎర వేసినా మెట్టు దగ్గర ముందు కాళ్లు బిగించి నిలబడింది. ముందు మంచి కాలు పెట్టవే అని దానికి నేను చెబుతుంటే కోడలు ముఖం పక్కకు తిప్పుకుని నవ్వింది. సాయంత్రం దుడ్డెను ముందుగా ఎక్కించి అరుగు చివర కట్టేశాం. దుడ్డె అరిచింది. బర్రె ఒక గిట్ట పెట్టి, వాసన చూసి, దించేసింది. చీకటి పడేదాకా అంతే. ఆ పూట కూడా కొడుకే కింద కట్టి పిండాడు, లీటరున్నర.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి పాలాయన వచ్చాడు. అప్పటికి ఇంకా పిండలేదు. కొనేవాళ్లు నిండు పొదుగు చూస్తారని నా కొడుకే ఆపాడు. ఆయన కొట్టంలోకి వస్తూనే అరుగు చూశాడు.

"ఇదేంది భాయ్, బర్రెకు తఖ్త్ ఏసిన్రా? నవాబు సాబ్ బర్రెనా?"

నా కొడుకు నవ్వలేదు. పొదుగు నిండి సలుపుతున్నట్టుంది, బర్రె నిలవలేక అటూ ఇటూ తొక్కుతోంది. అరుగు మీద దుడ్డె అరుస్తోంది. అప్పుడు అది ముందు కాళ్లు మెట్టు మీద పెట్టింది. కోడలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. వెనక కాళ్లు వచ్చాయి. ఒక గిట్ట గాటు మీద గీసుకుని నిలదొక్కుకుంది. అరుగు మీదికి ఎక్కింది.

పాలాయన ముందుగా వెళ్లి రొమ్ములు పట్టి చూశాడు. ఎడమ వెనకది దగ్గర చెయ్యి ఆగింది. "ఇది పోయింది. మూడు రొమ్ముల బర్రెను పాలకు ఎవరు కొంటరు? కోతకైతే చూడొచ్చు," అన్నాడు. నా కొడుకు నా వైపు చూడలేదు. ఆయన చేతులు కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి వెళ్లాడు.

నేను స్టూలు లాక్కుని అరుగు పక్కన కూర్చున్నాను. మోకాళ్లు కుర్చీలో కూర్చున్నంతే వంగాయి. బకెట్టు తొడల మధ్య పెట్టుకున్నాను. దుడ్డె కుడిచింది, కోడలు పక్కకు లాగింది. కణత ఆనిస్తే సరిగ్గా డొక్క గుంటలో కుదిరింది. బర్రె మెడ తిప్పి చూడబోయి, మధ్యలోనే మానేసింది.  మొదటి రెండు ధారలు సన్నగా పడ్డాయి. మూడోది కూడా. మీట నొక్కినట్టు కాదు, చేపడం అనేది నెమ్మదిగా వచ్చే పని. పది ధారలు లెక్కపెట్టుకుంటూ తొడ బిగించాను, అలవాటుగా. ఎన్నో ధారకో గాని చప్పుడు బరువెక్కింది.

నా కొడుకు గుంజకు ఆనుకుని నిలబడి విన్నాడు. వాడూ ఆ కొట్టంలో పెరిగినవాడే, చప్పుడు వాడికీ తెలుసు. పాలాయన చేతులు తుడుచుకుంటూ మరి ఏమంటావని అడిగితే, "చాయ్ తాగి పో భాయ్," అన్నాడు. కోడలు చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది. ఆ పాలతోనే పెట్టింది.

ఆషాఢంలో బోనం మా పాలతోనే వండాను. ఈసారి కోడలు ఎత్తుకుంది. నేను వెనకే నడిచాను, కర్ర కుడి చేతిలో పట్టుకుని. గుంపులో ఎవరైనా మోకాలికి తగులుతారేమోనని దారి పొడుగునా కాళ్ల వైపే చూసుకుంటూ వెళ్లాను. అమ్మవారిని సరిగ్గా చూడలేదు. ఆ మరుసటి సోమవారం ఆ అమ్మాయి మళ్లీ టేపు తీసి రెండు తొడలూ కొలిచింది. ఇప్పుడు కూడా పొద్దునా మధ్యాహ్నమూ బర్రె అరుగు దిగి మెట్టు మీద కాలు పెట్టే ఆ క్షణం నేను ఊపిరి బిగబట్టే ఉంటాను.

పోయినవి ఇవి. బర్రెకు ఎడమ వెనక రొమ్ము, దాంతో పూటకు లీటరు పాలు. నాకు ఎడమ తొడలో ఒక సెంటీమీటరు, మిగిలిన ఒకటిన్నర తిరిగి వచ్చింది. గొంతుక్కూర్చోవడం. పీట మీద భోజనం, కత్తిపీట, వాకిట్లో ముగ్గు. తల మీద బోనం. ఎనిమిది తొట్ల ఇటుకలు, అవి అరుగులో ఉన్నాయి కాబట్టి పోయినవాటిలో రాయను. మంచానికి కట్టేసుకున్న అయిదు వారాలు.